వేగిన కొండ

సీసాను గురించి నేను వ్రాయడమేమిటని నన్నెరిగినవాళ్ళు నవ్వుతారు. మా ఇంట్లో దగ్గుమందు సీసా తప్ప మరో సీసా గడప దాటి లోపలికి వచ్చింది లేదు. మా పెద్దన్నయ్య నలభై రెండో యేట సారాతోనే పోయాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి మూయించారని తెలిసినప్పుడు, మా ఊళ్ళో చీపుళ్ళు పట్టుకొని బయలుదేరినవాళ్ళలో నేనూ ఒకతెను. మర్నాటి యేడు రాష్ట్రంలో సారా ఆగిపోయింది. అన్నయ్య అప్పటికే లేడు.

అటువంటి నేను క్రిందటి సెప్టెంబరులో ఫ్రాన్సులో లియాన్ నగరంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. రెండోనాడే అలమరలో పడుకోబెట్టిన నల్లటి సీసా ఒకటి కంటబడింది.

“ఏమిటిరా ఇది?”

“కోట్ రోతీ అమ్మా.”

“రోటి పచ్చడైతే సీసాలో పోస్తారుట్రా?”

వాడు నవ్వాడు గాని, తొంభై యూరోలని ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. మన రూపాయల్లో లెక్క కట్టేసరికి నాకు మతి పోయింది. నేనున్నన్నాళ్ళూ అది ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నాను. “పారబోయమంటే పారబోస్తాను. ముందు అది పండిన చోటు ఒక్కసారి చూడు” అన్నాడు వాడు. కొడుకు మాట తీసెయ్యలేక బయలుదేరాను.

లియాన్‌కు దక్షిణంగా ముప్ఫై అయిదు కిలోమీటర్లు పోతే ఆంపూయి అనే చిన్న గ్రామం. ముందు రోన్ నది, వెనుక కొండ. కొండ అంటే మన తిరుమల మెట్లవంటిది కాదండీ, నిలబెట్టిన గోడే! ఆ గోడకు అడుగడుగునా రాతికట్టలు కట్టి, ఇంతింత మట్టి నింపి, ద్రాక్ష నాటారు. ఒక్కొక్క తీగకూ పొడుగాటి కర్రలు ఊతం. ట్రాక్టరు ఎక్కదు. కోట్ రోతీ అంటే ‘వేగిన కొండచరియ’ అని అర్థమట. నెల్లూరు రోహిణి ఎండలు చూచినదాన్ని, వీళ్ళ ఎండ నాకొక లెక్కా అనుకొన్నాను. పది గంటలకు కొండకు ఎదురుగా నిలబడ్డాక మాట వెనక్కు తీసుకొన్నాను. కొండ ఆగ్నేయానికి తిరిగి ఉంది. పొద్దున లేచిన సూర్యుడు నేరుగా దానిమీదనే పడతాడు.

అప్పుడు కోతలు. కత్తెరలతో గుత్తులు కోసి, పెట్టెలు భుజాన వేసుకొని దిగుతున్నారు. వానలకు మట్టి క్రిందికి జారిపోతే మళ్ళీ మోసుకొని పైకి చేర్చుకోవాలట. ఈ మాట మాకు చెప్పింది ఆ తోట పెద్దాయన. వయసు ఎనభై దాకా ఉంటుంది. కొండ ఎక్కుతూ ఆయాసపడింది మాత్రం నేను.

ఈ ద్రాక్ష పేరు సిరా. పర్షియాలోని షీరాజ్ నుండి వచ్చిందని చాలాకాలం కథలు చెప్పుకొన్నారు. 1998లో డి.యన్.ఏ. పరీక్షలు చేసి తల్లిదండ్రులను తేల్చారు: దురేజా అనే నల్లది ఒకటి, మోందూజ్ బ్లాంష్ అనే తెల్లది ఒకటి, రెండూ ఆ చుట్టుప్రక్కలవే. ఇంటి పిల్లను దూరదేశపు పిల్ల అనుకొన్నారన్నమాట! ఈ నల్ల ద్రాక్షలో వియోనియే అనే తెల్ల ద్రాక్షను నూటికి 20 పాళ్ళ వరకు కలుపుకోవచ్చునని ఇక్కడి నియమం. సువాసన దానివల్ల వస్తుందట.

ఇంత కష్టపడ్డ కొండను ఒకప్పుడు వదిలేశారంటే నమ్మబుద్ధి కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఊళ్ళ పడుచువాళ్ళు చాలామంది పోయారు. తరువాత ద్రాక్షసారాయికి ధర లేదు; క్రింద చదును నేలలో పండ్లు, కూరలు వేసుకొన్నవాళ్ళు బాగుపడ్డారు. కట్టలు కూలి ముళ్ళపొదలు లేచాయి. 1970 ప్రాంతానికి సాగులో మిగిలింది 70 హెక్టార్ల దరిదాపు, అంటే 170 ఎకరాలు. ఆ రోజుల్లో కొందరు పట్టుదలగలవాళ్ళు ఈ కొండను నమ్ముకొన్నారు. ఈ ఊళ్ళోనే గిగాల్ కుటుంబం 1966 పంటనుంచి లా ములీన్ అనే ఒక్క చెక్క ద్రాక్షను విడిగా సీసాలకెత్తింది. తరువాత్తరువాత ప్రపంచం కళ్ళు ఇటు తిరిగాయి. ఇవాళ సాగు 300 హెక్టార్లు దాటింది.

కొట్టులోకి తీసుకువెళ్ళి పెద్దాయన మూడు గ్లాసులు పెట్టాడు. నేను నాది బోర్లించాను. ఎందుకని అడిగాడు. మా అబ్బాయి ఏదో సర్దబోయాడు. “మీ మేనమామ సంగతి ఉన్నదున్నట్లు చెప్పరా” అన్నాను. వాడు తల వంచుకొని చెప్పాడు. పెద్దాయన టోపీ తీసి కాసేపు ఊరుకొన్నాడు. తరువాత, ఈ ఊళ్ళోనూ అట్లా పోయినవాళ్ళు ఉన్నారని, వాళ్ళలో తనతో చదువుకొన్నవాడు ఒకడని చెప్పాడు. సమర్థించుకోలేదు. నా గ్లాసు తీసేసి, బయటికి వెళ్ళి ఒక గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. చిన్న గింజలు, మందపు తోలు, లోపల విత్తులు. కాని ఎంత తియ్యన!

మా వాడు తన గ్లాసు నా ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమన్నాడు. చూచాను. మిరియాలు! అచ్చంగా మా అమ్మ కాచే చారు. నా భ్రమ కాదట; రోటండోన్ అనే పదార్థం మిరియంలోనూ ఈ ద్రాక్షలోనూ ఒకటేనని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పట్టుకొన్నారట. ఆ వాసనకు అమ్మ జ్ఞాపకం వచ్చింది. వెంటనే అన్నయ్యా జ్ఞాపకం వచ్చాడు. జలుబు చేసినప్పుడు ఆ చారు గిన్నె నాకు మిగల్చకుండా త్రాగేసేవాడు. గ్లాసు ప్రక్కకు జరిపాను.

తిరుగు రైలులో మాట్లాడుకోలేదు. ఇంటికి వచ్చి వాడే సీసా తీసుకొని తొట్టి దగ్గరకు నడిచాడు. ఆగమన్నాను. ఎన్నాళ్ళు నిలవ ఉంటుందని అడిగాను. పదేళ్ళు ఉంటే ఇంకా బాగుంటుందట, చీకటిగా, చల్లగా ఉండాలట.

“అలమరలో వద్దు, పొయ్యి సెగ తగులుతుంది” అని, గదిలో బియ్యం సంచీ వెనక పడుకోబెట్టాను.