ఒకే గానము – రెండు శ్రుతులు

సంగీతపు సీడీలు కొనునప్పుడు మన యిండ్లలో తరచుగా ఒక సందేహము పుట్టుచుండును. ఆల్బము ఒకటే, పాటలు అవే, పాడిన వారును వారే. అయినను నాలుగైదు కూర్పులు కనిపించును. ఒకదాని వెల కొంచెము, వేరొకదాని వెల రెట్టింపు. ఇది సొమ్ము గుంజుటకు పన్నిన యుపాయమా, లేక నిజముగా భేదమున్నదా యని గృహిణి ప్రశ్నించుట న్యాయమే. మేమును ప్రశ్నించితిమి. ఒక యాల్బమును రెండు కూర్పులలో విని తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

సీడీ మొట్టమొదట 1982వ సంవత్సరమున అంగడికి వచ్చినది. 12 సెంటీమీటర్ల యా బిళ్లలో ధ్వనిని సెకనునకు 44,100 పర్యాయములు కొలిచి అంకెలుగా నిలుపుదురు. ఆ యంకెలు రెండు బిళ్లలలో ఒక్కటే యైనచో, అట్టపై బొమ్మ మారినను, అచ్చువేసిన దేశము మారినను పాట మారదు. ఒకే పులుసును ఇత్తడి గిన్నెలో పోసినను, స్టీలు గిన్నెలో పోసినను రుచి ఒకటే కదా. భేదము పులుసు కాచునప్పుడే పుట్టును. అనగా, ఏ టేపునుండి తీసిరి, ఆ టేపు మొదటిదా లేక నకలుకు నకలా, సన్నని ధ్వనులను ఎంత హెచ్చించిరి, మొత్తమును ఎంత బిగ్గరగా చేసిరి యనువానిపై అంతయు ఆధారపడియుండును.

మేము పోల్చిన యాల్బము ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందముతో 1959వ సంవత్సరము మార్చి 2, ఏప్రిల్ 22 తేదీలలో న్యూయార్కు నగరమందలి 30వ వీధిలో, పూర్వము చర్చిగా నుండిన స్టూడియోలో దీనిని వాయించెను. మొదటి దినమున మూడు పాటలు, రెండవ దినమున రెండు పాటలు ముద్రితమయ్యెను. అవియే గ్రామఫోను రికార్డునకు రెండు ప్రక్కలైనవి.

ఇది మన చెవికి దూరమైన సంగీతమని తలపవలదు. మొదటి పాట ‘సో వాట్’లోని స్వరములు మన ఖరహరప్రియ మేళమునకు సరిపోవును. నడుమ కొంతసేపు షడ్జమము ఒక మెట్టు పైకి జరిగి, మరల స్వస్థానమునకు దిగును. మాటిమాటికి స్వరసమూహములను మార్చక ఒక్కదానియందే నిలిచి మనోధర్మమును చూపుటయే ఈ యాల్బమునకు కీర్తి తెచ్చిన గుణము. రాగాలాపన విన్నవారికి ఆ సుఖము క్రొత్త కాదు.

మా యింట 1980లలో అచ్చైన పాత సీడీ యుండెను. వయొలిన్ నేర్చుకొనుచున్న మా చిన్నపిల్ల ఖరహరప్రియను గుర్తుపట్టి, శ్రుతిపెట్టెను రెండు శ్రుతికి నిలిపి, ఆ పాటతో కలిసి వాయింపబోయినది. ఎంతకును కలియలేదు. తీగెలను సవరించినచో పాటతో కలియును, శ్రుతిపెట్టెతో చెడును. నాలుగవ పాట ‘ఆల్ బ్లూస్’ వచ్చునప్పటికి శ్రుతిపెట్టెయు పాటయు తమంతట తామే కలిసినవి. తన చెవియే చెడినదని పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. నాలుగు దినములు వయొలిన్ పెట్టె తెరువలేదు. అచ్చైన వస్తువు తప్పగునని దానికి తోచలేదు.

కారణము విచారింపగా తెలిసినదేమనగా, మొదటి దినమున ప్రధానమైన టేపు యంత్రము ఒకింత మందముగా నడిచినది. అట్టి టేపును సరియైన వేగముతో త్రిప్పినచో పాట త్వరపడును, శ్రుతి హెచ్చును. హెచ్చు స్వల్పమే, ఒక స్వరస్థానమునకును దాని పై స్థానమునకును నడుమనుండు దూరములో ఒక భాగము మాత్రమే. ఊరక వినువారు గుర్తింపలేరు. వాద్యము చేతబట్టినవారికి ముల్లువలె గ్రుచ్చుకొనును. జాగ్రత్తకొరకు ప్రక్కన నడపిన రెండవ యంత్రము మాత్రము సరిగనే నడిచినది. ఆ టేపునుండి శ్రుతి సవరించిన సీడీ 1992లో వెలువడినది. అనగా 33 సంవత్సరములు లోకము మొదటి ప్రక్కను హెచ్చు శ్రుతిలోనే విని ప్రేమించినది!

1997వ సంవత్సరపు కూర్పును తెప్పించి రెండింటిని పోల్చితిమి. పోల్చుటకు ఒక పద్ధతి యున్నది. బిగ్గరగా నున్నదే మేలైనదని చెవి భ్రమపడును. కావున మొదట రెండింటి బిగ్గరతనమును సమానము చేయవలయును. ఏ సీడీ తిరుగుచున్నదో వినువారికి తెలియరాదు. అట్లు వినగా, క్రొత్తదానిలో పాల్ ఛేంబర్స్ వాయించిన బాస్ మరింత నిండుగా తోచినది. మొదటి పాట కొన్ని సెకనులు ఆలస్యముగా ముగిసినది. అయినను మా అత్తగారు పాతదే ముద్దనిరి. “ఇన్నేండ్లు ఈ చురుకుతోనే విన్నాను; ఇప్పుడది నిద్రమొగముతో నడచుచున్నట్లున్నది” అనిరి. ఆమె మాటను మేము త్రోసివేయలేదు. అలవాటు కూడ ఒక శ్రుతియే. పాత బిళ్ల వారి గదిలోనే యున్నది.

పిల్ల మాత్రము క్రొత్తదానితో వాయించుచున్నది. చెవి సరియైనదేనని దానికి తెలియుటయే మాకు కలిగిన లాభము; సీడీ వెల దానిముందు లెక్కలోనిది కాదు. మన పిల్లలు “కలియుటలేదమ్మా” అనినప్పుడు గద్దింపక, వీలైనచో ఇంకొక ప్రతిని తెచ్చి పోల్చి చూడుడు. ఈ యాల్బమును కొనదలచిన సోదరీమణులు అట్టవెనుక సంవత్సరమును చూడవలయును. 1997 నాటి కూర్పులో ‘ఫ్లమెంకో స్కెచెస్’ రెండు పర్యాయములు ఉండును. దానిని గుర్తించుటకు అది సులభమైన యానవాలు.