పరీక్షకు ముందు పది రోజులు



మాది గుంటూరు జిల్లాలో మిరప, ప్రత్తి పండించే పల్లె. మేము ఆలుమగలము ఇద్దరమూ పెద్ద చదువులు చదివినవాళ్ళము కాము. ఒకరిది పదవ తరగతి, ఒకరిది ఏడవ తరగతి. అయినను ఇంటర్మీడియట్ బై.పి.సి. పరీక్షలను గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము. మా ఇద్దరు బిడ్డలు ఆ పరీక్షలు వ్రాశారు. మొదటి బిడ్డ విషయంలో మేము తప్పు చేశాము. రెండవ బిడ్డ నాటికి కొంత నేర్చుకొన్నాము. ఆ తప్పు మరొక ఇంట్లో జరుగకూడదని ఇది వ్రాయుచున్నాము.

మా పెద్దవాడు 2015లో ఇంటర్ రెండవ సంవత్సరం వ్రాశాడు. ఆ చివరి పది రోజులు వాడు నిద్ర పోలేదు. రాత్రి రెండు గంటలకు లేచి చూసినా పుస్తకం ముందే ఉండేవాడు. మాకు ఎంతో సంతోషం. బిడ్డ కష్టపడుతున్నాడని ఇరుగుపొరుగుకు చెప్పుకొన్నాము. ఫలితాలు వచ్చాయి. జువాలజీలో 60కి 18 మార్కులు. 21 వస్తే గాని పాసు కాదు.

ఆ రోజు మా నోట వచ్చిన మాట ఇప్పటికీ మరువలేము. "మిరపతోటకు పెట్టిన డబ్బైనా ఏదో ఒక సంవత్సరం తిరిగి వస్తుంది గాని, నీకు పెట్టినదంతా మట్టిలో కలిసిందిరా" అన్నాము. వాడు తల వంచుకొని బయటకు వెళ్ళాడు. మూడు రోజులు కబురు లేదు. నాల్గవ రోజున గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయ టిక్కీలు మోస్తున్నాడని తెలిసి, పరుగున వెళ్ళి ఇంటికి తెచ్చుకొన్నాము.

అప్పుడు మొదటిసారి కోపం లేకుండా అడిగాము: "హాలులో ఏమి జరిగింది నాయనా?"

వాడు చెప్పాడు. వ్యాసరూప ప్రశ్నలలో మానవ హృదయం వచ్చింది. వాడికి బాగా వచ్చిన పాఠం. బొమ్మ వేసి, రంగులు దిద్ది, నాలుగు గదులను గురించి, కవాటాలను గురించి తెలిసినదంతా వ్రాశాడు. తలెత్తి చూస్తే గంటంపావు గడిచిపోయింది. చేతులు వణికాయి. రాత్రి నిద్ర లేదు గనుక చదివినవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. రెండు మార్కుల ప్రశ్నలు ఆరు వ్రాయకుండానే గంట కొట్టారు. ఆ ఆరింటిలో రెండు సరిగా వ్రాసినా గట్టెక్కేవాడు. ఎంత చక్కగా వ్రాసినా ఎనిమిది మార్కుల ప్రశ్నకు తొమ్మిది ఇవ్వరు గదా! వాడికి చదువు రాక తప్పలేదు. గడియారం తప్పించింది, నిద్రలేమి తప్పించింది. ఆ సంగతి అడగకుండానే మేము వాడి మీద తీర్పు తీర్చాము.

ఆ వేసవిలోనే వాడు సప్లిమెంటరీ వ్రాసి పాసయ్యాడు. దానికి ముందు వాడూ మేమూ కూర్చొని ఒక లెక్క వేశాము. ఆ సంవత్సరాలలో బోటనీకి 60, జువాలజీకి 60 మార్కులు, ఒక్కొక్క పేపరుకు మూడు గంటలు. రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ వ్రాయాలి. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు. ఎనిమిది మార్కులవి మూడింటిలో రెండు. ప్రశ్నపత్రం నిదానంగా చదవడానికి 10 నిమిషాలు తీసి పెట్టాము. రెండు మార్కుల ప్రశ్నకు 4 నిమిషాల చొప్పున 40. నాలుగు మార్కుల దానికి 10 చొప్పున 60. వ్యాసానికి 25 చొప్పున 50. ఇంకా 20 నిమిషాలు మిగిలాయి. అవి సరిచూచుకొనడానికి, బొమ్మలలో భాగాల పేర్లు వ్రాయడం మరచితే వ్రాయడానికి. ఈ లెక్క ఒక అట్టముక్క మీద వ్రాసి గోడకు తగిలించాము. ప్రశ్నపత్రాల పద్ధతి మారుతూ ఉంటుంది గనుక, మీ బిడ్డ వ్రాసే సంవత్సరపు నమూనా కాలేజీలో అడిగి తెచ్చుకొని, ఇటువంటి లెక్క మీరే కట్టుకొనండి.

మా అమ్మాయి 2018లో మొదటి సంవత్సరం, 2019లో రెండవ సంవత్సరం వ్రాసింది. పరీక్షల సమయమంటే మనకు మిరపకోతల సమయమే గదా. కల్లంలో కాయలు ఆరబోసి, తాలు ఏరుతూ ఉండేవాళ్ళము. అమ్మాయి పుస్తకాలు తెచ్చుకొని అక్కడే చెట్టు నీడన కూర్చొనేది. ఒక రోజు తానే అన్నది: "అమ్మా, నా పాఠాలు కూడా ఇట్లాగే ఏరాలి." మూడు కుప్పలు చేసింది. బాగా వచ్చినవి ఒకటి, సగం వచ్చినవి ఒకటి, అసలు రానివి ఒకటి. పది రోజులలో ఎక్కువ సమయం సగం వచ్చిన కుప్పకే ఇచ్చింది. బాగా వచ్చినవి రోజుకొకసారి చూచుకొన్నది. రానివాటిని ఏమి చేయాలి? తాలుకాయకు కూడా యార్డులో ఎంతో కొంత ధర ఉన్నది గదా! ఆ పాఠాలలో వ్యాసాలు వదిలి, రెండు మార్కుల ప్రశ్నలు మాత్రం నేర్చుకొన్నది. చివరి రోజులలో క్రొత్త పాఠం తలకెత్తుకొంటే వచ్చినది కూడా జారిపోతుందని అన్న అనుభవం చూచి తెలుసుకొన్నది.

ఇక మా పని ఏమిటంటే, పుస్తకం మా చేతిలో పట్టుకొని అడగడం. అమ్మాయి తెలుగు మీడియం గనుక ప్రశ్న చదవడం మాకు కష్టం కాలేదు. జవాబు తప్పో ఒప్పో పుస్తకం చూచి చెప్పేవాళ్ళము. "ఎడమ జఠరిక గోడ ఎందుకు మందంగా ఉంటుంది?" అని అడిగితే, "ఒళ్ళంతటికీ రక్తం నెట్టవలసినది అదే గనుక" అని చెప్పేది. చెప్పలేకపోతే పుస్తకం ఇచ్చేవాళ్ళము, చూచుకొని మళ్ళీ మూసి చెప్పేది. బొమ్మలు కూడా అంతే. ద్విదళబీజ కాండం అడ్డుకోత, నెఫ్రాన్, పిండకోశం, ఇవన్నీ అరుగు మీద సుద్దముక్కతో చూడకుండా వేసి, తరువాత పుస్తకంతో పోల్చుకొనేది.

ఇది మా పల్లెటూరి పద్ధతి అనుకొన్నాము గాని, దీనిని పరీక్షించి చూచినవారు ఉన్నారని తరువాత తెలిసింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అను ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండవసారి చూడకుండా గుర్తు తెచ్చుకొని వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే రెండుసార్లు చదివినవారే మేలు. వారం తరువాత అడిగితే వారికి నూటికి 42 పాళ్ళు, చూడకుండా వ్రాసినవారికి 56 పాళ్ళు గుర్తున్నది. చదివిన వెంటనే అంతా వచ్చినట్లే ఉంటుంది. మా పెద్దవాడు మోసపోయినది అక్కడే.

పుస్తకంలో ఉన్నది చేలో కూడా ఉన్నదని తెలుసుకొనడం మాకు మరొక సంతోషం. సొలనేసి కుటుంబం పాఠం చెప్పించుకొంటుండగా అమ్మాయి ఒక మిరపపూవు కోసి తెచ్చింది. రక్షక పత్రాలు అయిదు, ఆకర్షణ పత్రాలు అయిదు, కేసరాలు అయిదు లెక్కపెట్టి చూపింది. తొడిమ దగ్గర కాయను పట్టుకొని ఉండే పచ్చని టోపీయే పూవునాటి రక్షక పత్రావళి అని, కాయ పండినా అది రాలిపోదని చెప్పింది. ఇన్నేండ్లుగా తొడిమలు తీస్తున్నాము గాని మాకు ఆ సంగతి తెలియదు. ఆ ప్రశ్న ఆమె ఎప్పటికీ మరువలేదు. ప్రత్తి వేసేవారి బిడ్డలు బి.టి. ప్రత్తి పాఠాన్ని తండ్రితో మాట్లాడుతూ చదువుకొనవచ్చును. పురుగు సంగతి ఆయనకు తెలుసు, ఆ పురుగు కడుపులో విషం ఎట్లు పనిచేయునో బిడ్డకు తెలుసు.

పరీక్ష ముందు రాత్రి పది గంటలకు పుస్తకాలు మూయించాము. హాల్ టికెట్టు, రెండు పెన్నులు, చెక్కిన పెన్సిళ్ళు సంచిలో పెట్టి పడుకోబెట్టాము. ఉదయం పెరుగన్నం పెట్టి పంపాము. "ఏదీ ఖాళీగా వదలకు తల్లీ" అని మాత్రం చెప్పాము. నీట్ పరీక్షలో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉన్నది. ఇంటర్ పరీక్షలో అటువంటి కోత లేదు. తెలిసిన రెండు ముక్కలు వ్రాసినా, పేర్లతో బొమ్మ వేసినా ఎంతో కొంత వస్తుంది.

ఆ 2019లోనే మన ప్రక్క తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత ఇరవై మందికి పైగా బిడ్డలు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో అన్నం సహించలేదు. కబురు లేని ఆ మూడు రోజులు మళ్ళీ కండ్ల ముందుకు వచ్చాయి. మాకు మా బిడ్డ దొరికాడు.

బోటనీలో శ్వాసక్రియ పాఠం చదివే ప్రతి బిడ్డ ఏ.టి.పి. అను మాట నేర్చుకొంటాడు. కండరాలలో దాని ఉనికిని 1929లో ఫిస్కేతో కలిసి లోకానికి తెలిపినవారు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి పాసయ్యారు. ఈ సంగతి మాకు 2015లో తెలిసి ఉంటే పెద్దవాడితో అంత మాట అని ఉండేవాళ్ళము కాము.

ఇప్పుడు మా పెద్దవాడు ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తున్నాడు. అమ్మాయి నర్సుగా పనిచేస్తున్నది. ఇద్దరూ డాక్టర్లు కాలేదు, మాకు ఆ కొరత లేదు. పరీక్షల నెల వస్తే మా వీధి పిల్లలు ఒకరిద్దరు పుస్తకాలు పట్టుకొని కల్లం దగ్గరకు వస్తారు. మేము తాలు ఏరుతూ అడుగుతాము, వాళ్ళు చెబుతారు. పెద్దవాడు సెలవుకు వచ్చి ఉంటే గోడనున్న ఆ పాత అట్టముక్క తీసి చూపిస్తాడు. తనకు 18 మార్కులు వచ్చిన సంగతి ముందు చెప్పి, ఆ తరువాత నిమిషాల లెక్క చెబుతాడు.