ఉత్త కుండకు మోత ఎక్కువ

మిషిగన్ రాష్ట్రంలో సరస్సులు 11,000కి పైగా ఉన్నాయంటారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు మొదట గడ్డి కోసే మిషను కొంటాడు, తరవాత మంచు ఊడ్చే మిషను కొంటాడు, ఆ తరవాత ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద ట్రైలర్లెక్కి పోతున్న పడవల్ని చూసి నిట్టూరుస్తాడు. మేం నాలుగు కుటుంబాల వాళ్ళం ఆ నిట్టూర్పులన్నీ పోగేసి, చందాలేసుకుని, ఒక పాత పాంటూన్ బోటు కొన్నాం. 22 అడుగుల పొడవు, వెనక 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు.

పాంటూన్ అంటే రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాల మీద పరిచిన వేదిక, చుట్టూ రెయిలింగు, లోపల సోఫాలు. కోనసీమ వారికి ఇంత వివరం అక్కర్లేదు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి దాటించే పంటు మీద సోఫాలు వేశారనుకుంటే సరి! 1950ల మొదట్లో మిన్నెసోటా రైతు ఆంబ్రోస్ వీరెస్ ఉక్కు పీపాలను వరసగా అతికించి, పైన చెక్కలు పరిచి ఈ వంశానికి మూలపురుషుడయ్యాడు.

నలుగురెక్కితే మా పడవ బుద్ధిగానే నడిచేది. జూన్‌లో ఒక ఆదివారం కాస్ లేక్ మీద పదకొండు మందిమి ఎక్కాం. సరస్సు నడుమ కుడివైపు తిప్పగానే మోటారు ఒక్కసారి కీచుమంది. చక్రాల లెక్క ఆరువేలు దాటింది, పడవ మాత్రం చతికిలబడింది. పాంటూన్‌కి గాలి తగిలితే గోడకి తగిలినట్టే. పడమటి గాలి మమ్మల్ని ఒడ్డున కట్టిన పడవల వైపు తోసుకుపోతోంది. రాజోలు నుంచి వచ్చిన మా మిత్రుడి తల్లిగారు చీర మీద లైఫ్ జాకెట్ సర్దుకుని, "ఏం నాయనా, ఇంజను అరుస్తోందే గాని పడవ నడవట్లేదేం?" అన్నారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ మునిగినప్పటి నుంచి ఆవిడ జాకెట్ లేకుండా పడవెక్కరు. గొంతులో బెదురు దాచుకున్నా, చెయ్యి మనవడి జాకెట్ పట్టీని వదల్లేదు. వేగం తగ్గించి, నెమ్మదిగా, తిన్నగా పోనిచ్చి ఎలాగో రేవు చేరాం.

ఇక చర్చలు మొదలయ్యాయి. డెట్రాయిట్ చుట్టుపక్కల నలుగురు తెలుగువాళ్ళు చేరితే ముగ్గురు కార్ల కంపెనీల ఇంజనీర్లే కదా! ఒకరు రబ్బరు హబ్ జారుతోందన్నారు. ఒకరు పిచ్ తప్పన్నారు. ఒక బోటు షాపులో "కావిటేషన్, కొత్త ప్రొపెల్లర్ కొనండి" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత గుర్తొచ్చింది.

నా ఉద్యోగం ఇంజను నీళ్ళ పంపులతో, కనక కావిటేషన్ నాకు రోజూ కనబడే చుట్టమే. కుక్కర్లో ఒత్తిడి పెరిగితే నీళ్ళు ఆలస్యంగా మరుగుతాయి. ఒత్తిడి బాగా పడిపోతే చన్నీళ్ళు కూడా మరుగుతాయి. వేగంగా తిరిగే రెక్క వెనక జరిగేది అదే. ఆవిరి బుడగలు పుట్టి, వెంటనే చితికి, లోహాన్ని గుంటలు పడేలా కొరుకుతాయి. 1894లో చార్లెస్ పార్సన్స్ టర్బీనియా అనే నౌకని నీళ్ళలో దించితే ఈ జబ్బే దాన్ని పరిగెత్తనివ్వలేదు. మూడు షాఫ్టులకు మూడేసి ప్రొపెల్లర్లు బిగించాక 1897లో స్పిట్‌హెడ్ నౌకా ప్రదర్శనలో అది 34 నాట్ల వేగం అందుకుంది.

మా రెక్కల మీద ఒక్క గుంట కూడా లేదు. అంటే మాది వేరే జబ్బు. పైనుంచి గాలి దిగి ప్రొపెల్లర్లోకి పోతోంది. దీని అసలు పేరు వెంటిలేషన్. రెక్కకి నీళ్ళు దొరక్క గాలి దొరికితే పట్టేముంటుంది? ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డరేకుని అందరూ కావిటేషన్ ప్లేటు అంటారు గానీ, అది ఆపేది ఈ గాలినే.

తాళంచెవి తీసి, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం. నాచు గాని, చేపల గాలపు దారం గాని చుట్టుకోలేదు. హబ్ మీదుగా ప్రొపెల్లర్ దాకా రంగుతో అడ్డగీత గీసి నడిపాం. గీత విరగలేదు, కనక హబ్ జారడం లేదు. తరవాత ట్రిమ్. మోటారు కాలు బయటికి చాపితే పడవ ముక్కు లేస్తుంది, ప్రొపెల్లర్ నీటి పైభాగానికి దగ్గరవుతుంది. మలుపులో అది గాలి తాగడానికి ఆ కాస్త చాలు. మలుపుకి ముందే కాలు లోపలికి లాగితే అరుపు సగం తగ్గింది.

మిగతా సగం మా కూర్చోవడంలో ఉంది. ఫొటోల కోసం ఎనిమిది మంది ముందు సోఫాల్లో చేరితే వెనక భాగం తేలిపోతోంది. పైగా పాత యజమాని మోటారుని ఎత్తుగా బిగించాడు. దాన్ని గొలుసుకి వేలాడదీసి, ఒక రంధ్రం, అంటే ముప్పావు అంగుళం, కిందికి దించాం. మనుషుల్ని ముందూ వెనకా సమంగా సర్దాం. మళ్ళీ అదే పదకొండు మంది, అదే మలుపు. పడవ నీళ్ళని పట్టుకుని తిరిగింది. ప్రొపెల్లర్ పాతదే!

మీ పడవా అరుస్తుంటే, డబ్బు తీసే ముందు గాలి ఎక్కణ్ణించి వస్తోందో వెతకండి. మలుపుల్లో ట్రిమ్ లోపలికి, మనుషులు సమంగా. ఆరేళ్ళ లోపు పిల్లలకి పడవ మీద జాకెట్ ఈ రాష్ట్రంలో చట్టం. పెద్దలకి వేసుకోమని చట్టం చెప్పదు గాని, రాజోలు పెద్దావిడ చెబుతారు. నేను ఆవిడ మాటే వింటున్నాను.