తులం తూటా

ఇండియాకి పోయేటప్పుడు సూట్‌కేసు 23 కిలోలు దాటిందా లేదా అని చూసుకునే కొక్కెం త్రాసు అమెరికాలో ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉంటుంది. కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్‌లో మా బావ ఆ త్రాసుకి నా తుపాకీ తగిలించాడు.

ఆరున్నర పౌండ్లు.

"చీటీ మీద అయిదుంబావు అని ఉండ్య కదా బావా!"

"కొట్లో వాడు ఉత్త తుపాకీ తూస్తాడు బామ్మర్దీ. స్కోపు, రింగులు, భుజం పట్టీ, తూటాలు... ఇవన్నీ ఇంట్లో పెట్టి కొండెక్కుతావా?"

ఆయనది తగిలిస్తే తొమ్మిది దాటింది. ముప్పై ఏళ్ళ నాటి వించెస్టర్ మోడల్ 70, వాల్‌నట్ కర్ర, ఉక్కు గొట్టం. నాదేమో కార్బన్ ఫైబర్ మడమ, పెన్సిల్ లాంటి సన్నని గొట్టం. కొట్లో ఒంటిచేత్తో ఎత్తి చూసి, ఈక లాగుందని మురిసిపోయి కొన్నాను. రెండింటిలోనూ పట్టేది ఒకటే తూటా, థర్టీ-ఓ-సిక్స్. పెట్టె మీద గుండు బరువు 180 గ్రెయిన్లు అని ఉంది. గ్రెయిన్ అంటే ఒకనాటి బార్లీ గింజ తూకం. మనం గురివింద గింజతో బంగారం తూచినట్టే. బ్రిటిష్ వాళ్ళు మన తులాన్ని ఖాయం చేసింది కూడా సరిగ్గా 180 గ్రెయిన్లకే. అంటే ఆ ఎర్రటి రాగి తొడుగు గుండు అచ్చంగా ఒక తులం. తులం గుండుని పంపడానికి ఎన్ని పౌండ్ల ఇనుము మోయాలన్నదే ఇప్పుడు మా పేచీ.

మర్నాడు ఎల్క్ జింకల వేటకి బయల్దేరాం. అక్టోబరు చివరి వారం. దారిలో తగిలిన ఊరి పేరే రైఫిల్! పక్కన పారే వాగు ఒడ్డున వెనకటికి ఎవరో సైనికుడు తుపాకీ మరిచిపోయాడట, వాగుకీ ఊరికీ ఆ పేరే మిగిలింది. "మరిచిపోయింటాడా? మోయలేక వదిలేసింటాడు," అన్నాడు బావ.

అక్కడి నుంచి ఉత్తరానికి నలభై మైళ్ళు పోతే మీకర్. 1901 చలికాలంలో థియొడోర్ రూజ్‌వెల్ట్ కొండ సింహాల వేటకు వచ్చింది ఈ చుట్టుపక్కలకే. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన ఆఫ్రికాకు పట్టుకెళ్ళిన తుపాకుల్లో, సింహాలకి ఇదే మందు అని మెచ్చుకున్నది .405 వించెస్టర్. ఆ పేరు వినగానే నాకు భాకరాపేట గుర్తొచ్చింది. మా ఊరి దగ్గరి చామల లోయలో మనుషుల్ని తినే పులి వెంట తిరిగిన బెంగళూరు దొర కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉన్నదీ అదే .405. ఆ కథ 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో ఉంది. భుజాన్ని గాడిదలా తంతుందని దానికి పేరు. చెట్టు మీద మంచె కట్టుకుని రాత్రంతా కూర్చునేవాడికి తుపాకీ బరువుతో పెద్దగా పేచీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేట ముగిసింది, ముగియాల్సిందే. ఇక్కడ లెక్క వేరు. ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నన్ని మరెక్కడా లేవు. ఏటా ఇన్నింటిని వేటాడవచ్చని ప్రభుత్వమే లైసెన్సులిస్తుంది. శిక్షణ పాసవ్వాలి, ఒంటి మీద నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, టోపీ ఉండాలి. ఇంత చెప్పుకున్నా నా మనసు పూర్తిగా ఒప్పుకుందని మాత్రం అనను.

వైట్ నది వెంట తూర్పుకి పోయి, చీకటి పడేసరికి ట్రాపర్స్ లేక్ చేరాం. చుట్టూ కోటగోడ లాంటి నల్లరాతి కొండలు. 2002 మంటల్లో కాలిపోయిన చెట్లు ఇంకా బూడిద రంగు కర్రల్లా నిలబడి ఉన్నాయి. 1919లో అటవీశాఖ ఆర్థర్ కార్‌హార్ట్ అనే కుర్రవాణ్ణి ఈ చెరువు చుట్టూ ఇళ్ళస్థలాలు కొలవమని పంపితే, కొలిచి వచ్చి, ఇక్కడ ఏమీ కట్టకండి, ఇలాగే వదిలేయండి అన్నాడు. ఆ పుణ్యాన ఇవాళ ఈ ఫ్లాట్ టాప్స్ అడవిలోకి మోటారన్నది పోకూడదు. గుర్రమైనా ఉండాలి, కాళ్ళయినా ఉండాలి. మాకు గుర్రం లేదు. తుపాకీ బరువు గురించి ఇంత రభస అందుకే. జీపు దిగి కాల్చేవాడు ఫిరంగి తెచ్చుకున్నా అడిగేవాడు లేడు.

మొదటి రోజు నాదే గెలుపనుకున్నాను. తెల్లవారక ముందే ఎక్కడం మొదలుపెట్టాం. బావ గంటకోసారి తుపాకీ భుజం మారుస్తుంటే నేను చంకలో గొడుగు పెట్టుకున్నట్టు నడిచాను. 11,000 అడుగుల దగ్గర ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో మూడింట రెండొంతులే. గట్టెక్కి తల ఎత్తానో లేదో, రెండు వందల గజాల్లో మగ ఎల్క్. మన కణుజుకి పెద్దన్న, మెడ మీద ముదురు గోధుమరంగు జూలు. తుపాకీ ఎత్తాను. స్కోపులో గీత దాని భుజం మీద, తర్వాత ఆకాశంలో, తర్వాత బండ మీద. గుండె కొట్టుకున్నప్పుడల్లా గొట్టం ఎగురుతోంది. ఈక లాంటి తుపాకీ గాలికి ఈక ఊగినట్టే ఊగింది. నేను మీట నొక్కలేదు. అది నింపాదిగా చెట్లలోకి వెళ్ళిపోయింది.

"నొక్కకుండా ఉన్నావు, అదే మేలు," అన్నాడు బావ. గాయపడిన జంతువు వెంట రెండు రోజులు తిరిగిన అనుభవం ఆయనకుంది.

రెండో రోజు తుపాకులు మార్చుకున్నాం. మధ్యాహ్నానికి నా కుడి భుజం మీద పట్టీ వాత తేలింది. ఎన్నిసార్లు తిట్టుకున్నానో. కానీ సాయంత్రం ఒక బండ మీద సంచి పెట్టి, దాని మీద ఆ పాత వించెస్టర్‌ని ఆనించి చూస్తే, రోట్లో రోకలి నిలిచినట్టు నిలిచింది. బరువుగా ఉన్నదాన్ని కదపడానికి వణికే చెయ్యి చాలదు. తన్నూ అంతే. తులం గుండు ముందుకి పోయే ఊపుకి తుపాకీ వెనక్కి రావాలి, బరువుంటే మెల్లగా వస్తుంది, తేలికైతే విసురుగా వస్తుంది. తొమ్మిది పౌండ్ల నుంచి ఆరున్నరకు దిగితే ఆ దెబ్బ మూడో వంతు కంటే ఎక్కువే పెరుగుతుంది. ఆ దెబ్బకి భయపడి ముందే కళ్ళు మూసుకుంటే చెయ్యి గురి తప్పుతుంది. ఆ రోజు ఎల్క్ మాత్రం కనపడలేదు.

మూడో రోజు పొద్దున బావకి దొరికింది, నా తుపాకీతోనే. బోర్లా పడుకుని, గొట్టం కింద సంచి పెట్టి, రెండు నిమిషాలు ఊపిరి సర్దుకుని, అప్పుడు కాల్చాడు. ఒక్కటే దెబ్బ. ఎల్క్ నాలుగడుగులు వేసి కూలింది. బావ నా వైపు తిరిగితే కనుబొమ్మ మీదుగా నెత్తురు కారుతోంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు స్కోపు అంచు చీల్చింది.

"ఏందిరా ఇది, అటు దానికీ తగిలింది, ఇటు నాకూ తగిలింది," అని నవ్వాడు. నేను కాసేపు ఆ జంతువు పక్కన ఊరికే కూర్చున్నాను.

ఆ కూర్చున్నచోటే నా తుపాకీ అమ్మేయాలని తేల్చుకున్నాను. అన్నీ తగిలించాక ఎనిమిది పౌండ్లు తూగేది చాలు. దానికీ దీనికీ తేడా పౌండున్నర, అది నా పొట్టలో నుంచి తీసేయవచ్చునని బావ అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఆయన తొమ్మిది పౌండ్లది మాత్రం నాకొద్దు. ముప్పై ఏళ్ళు మోసిన భుజం ఆయనది.

మాంసం అడవిలో వదిలేయడం నేరం. కోసి, గుడ్డ సంచుల్లో కట్టి, రెండు మైళ్ళు దిగి కారు దగ్గర పెట్టి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి, చీకటి పడ్డాక కూడా మోస్తూనే ఉన్నాం. రెండో విడతలో తుపాకీ ఎవరి భుజాన ఉందో కూడా నాకు గుర్తు లేదు. ఆఖరి సంచి, ఒక వెనక తొడ, కారు దగ్గర దించాక బావ హెడ్‌లైటు వెలుతురులో జేబులోంచి ఆ కొక్కెం త్రాసు తీశాడు. ఇద్దరం కలిసి పైకెత్తాం. 68 పౌండ్లు, దగ్గర దగ్గర 31 కిలోలు.

"ఎక్స్‌ట్రా కట్టాల్సిందే," అన్నాడు.