ఒకే దస్త్రం, రెండు గంటాలు

విండోస్ వాడే మిత్రులలో రిజిస్ట్రీ అన్న మాట వినని వారు తక్కువ, దాని జోలికి పోయినవారు అంతకన్నా తక్కువ. పోకపోవడమే క్షేమమని తెలిసినవారంటారు. అయినా దాన్ని దిద్దే సాధనాల కథలో మన తెలుగు లిపికి పనికివచ్చే విషయమొకటి ఉంది. అందుకే ఈ టపా.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే వరకు మా పరిటాల వంటి ఊళ్ళలో ఏ పొలం ఎవరిదో, ఎంత విస్తీర్ణమో, ఏ పైరు వేశారో కరణంగారి అడంగల్ చూసి తెలుసుకోవలసిందే. విండోస్‌కు రిజిస్ట్రీ అటువంటి దస్త్రం. ఏ ఖతి ఏ ఫైలులో ఉన్నది, ఏ కీబోర్డు ముందు రావాలి అన్నవన్నీ అందులో నమోదై ఉంటాయి. తెలుగు భాషకు విండోస్ ఇచ్చిన సంఖ్య 1098. కీబోర్డుల పద్దులో అది షోడశాంక పద్ధతిలో 44ఎ అని కనబడుతుంది.

ఎన్‌టీ 4.0 (1996), విండోస్ 2000లలో ఈ దస్త్రాన్ని దిద్దే సాధనాలు రెండుండేవి. ఒకటి రెగ్‌ఎడిట్, రెండవది రెగ్‌ఎడ్ట్32. రెండవదానిలో ‘ఐ’ లోపించింది. అది ఉంటే పేరు తొమ్మిది అక్షరాలయ్యేది. పాత డాస్ నియమం ఎనిమిదికి మించి ఒప్పుకోదు.

రెగ్‌ఎడిట్ వెదకడంలో దిట్ట. శీర్షికలనే కాక వాటి కింది పేర్లను, విలువలను కూడా గాలించేది. కానీ ఏ శీర్షికను ఎవరు ముట్టవచ్చునో నిర్ణయించే అధికారం దానికి లేదు. పైగా ఒకే విలువలో పలు పంక్తులు ఉండే రకాన్ని అది గుర్తించలేక అంకెల గుంపుగా చూపేది. అక్కడ దిద్దితే ఆ విలువ రకమే మారిపోయి, పని చెడేది. ఒక ఖతిలో లేని అక్షరాన్ని మరే ఖతి నుండి తెచ్చుకోవాలో చెప్పే జాబితా సరిగ్గా ఆ రకానిదే.

రెగ్‌ఎడ్ట్32 ఇందుకు విరుద్ధం. అన్ని రకాలనూ సరిగా దిద్దేది, హక్కులు నిర్ణయించేది, చదవడానికి మాత్రమే తెరిచే వెసులుబాటు ఇచ్చేది. కానీ వెదకమంటే శీర్షికల పేర్లు మాత్రమే వెదికేది. కనుక ఒకదానితో వెదికి, మరొకదానితో దిద్దడం ఆనాటి పద్ధతి.

2001లో వచ్చిన ఎక్స్‌పీలో రెండింటి శక్తులూ రెగ్‌ఎడిట్‌లో కలిశాయి. గౌతమి ఖతితో తెలుగు లిపి విండోస్‌లో అడుగుపెట్టినదీ అందులోనే. రెగ్‌ఎడ్ట్32 అని పాత పేరుతో పిలిచినా రెగ్‌ఎడిటే పలుకుతుంది. ఆదేశంగా వచ్చినది స్థాని చేసే పనులన్నీ చేయడాన్ని మన వ్యాకరణంలో స్థానివద్భావం అంటారు. ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక అసలు విషయం. దిద్దే ముందు ఆ భాగానికి నకలు తీసిపెట్టుకోవాలి. రెగ్‌ఎడిట్‌లో మార్పు తక్షణం అమలవుతుంది. చేసినదాన్ని రద్దు చేసే మీట లేదు. నకలు తీసేటప్పుడు ఫైలు రకం అడుగుతుంది. ‘రెగ్‌ఎడిట్4’ అన్న మొదటి పంక్తితో మొదలయ్యే పాత రకం ఒకటి, ‘విండోస్ రిజిస్ట్రీ ఎడిటర్ వర్షన్ 5.00’ అని మొదలయ్యే కొత్త రకం ఒకటి. కొత్తది యూనికోడ్. పాతది యూనికోడ్‌కు ముందరి సంకేత పట్టికలను నమ్ముకున్నది. అటువంటి పట్టిక విండోస్‌లో తెలుగుకు అసలు లేదు.

ఫలితమేమంటే, మీరు ఒక ఫోల్డరుకు తెలుగు పేరు పెట్టి, ఆ పేరు రిజిస్ట్రీలోకి ఎక్కి ఉంటే, పాత రకం నకలులో ఆ అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు నిలుస్తాయి. ఆ నకలును తిరిగి ఎక్కిస్తే దస్త్రంలోకి కూడా ప్రశ్నార్థకాలే చేరతాయి. అప్పుడా ఫోల్డరు కళ్ళెదుటే ఉన్నా, వెదికే ప్రోగ్రాముకు దొరకదు. తప్పు తెలుగు పేరు పెట్టుకోవడంలో లేదు, రాసిన గంటంలో ఉంది. చిత్రమేమంటే, ఆ పాత రకాన్ని నేటి విండోస్ 11 కూడా జాబితాలో చూపుతూనే ఉంది.

కనుక మిత్రులకు మనవి: నకలు తీయండి, 5.00 రకంలోనే తీయండి. తీసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరచి, తెలుగు అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయని కంటితో చూసుకున్నాకే దిద్దుబాటుకు పూనుకోండి.