భీమునిపట్టణపు కాటా

శ్రీకూర్మమున పెరిగిన పిల్లలకు రాతిమీది వ్రాత క్రొత్త కాదు. ఇచ్చటి కూర్మనాథుని ఆలయపు స్తంభములపై ఏ యేట ఎవరు ఏ దీపమునకు ఏమి యిచ్చిరో చెక్కబడి యున్నది. చరిత్ర పాఠము చెప్పునప్పుడు నేను ఆ శాసనములనే ముందు చూపుదును. తెలిసినదానినుండి తెలియనిదానికి పొమ్మని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి గదా! అట్టి పిల్లలను పండ్రెండుగురిని వెంటబెట్టుకొని మూడేండ్ల క్రిందట డిసెంబరు నెలలో భీమునిపట్టణమునకు పోతిని. డచ్చివారి పాత వర్తకపు పట్టణమును చూపుట నేను ప్రధానోపాధ్యాయులవారికి చెప్పిన కారణము. చెప్పని కారణము మరియొకటి యుండెను. అందుచేతనే డెబ్బదికి దగ్గరపడిన మా అమ్మనుగూడ బస్సెక్కించితిని.

మా అమ్మ పుట్టిల్లు భోగాపురము దాపున నొక చిన్న పల్లె. బస్సు అచ్చట సాగుచుండగా ఆమె కిటికీలోనుండి చేయి చూపి, "అదుగో, మా అయ్య గోగుచేను" అనెను. పిల్లలు తొంగి చూచిరి. ఇండ్ల స్థలములకు పాతిన రాళ్లు తప్ప వారికేమియు కనబడలేదు.

నేటి బాలురకు గోంగూర పచ్చడి తెలియును గాని గోగునార తెలియదు. తొలకరికి విత్తిన గోగు నిలువెత్తును మించి పెరుగును. పూతకు వచ్చిన తరుణమున కోసి, కట్టలు గట్టి, చెరువులో ఊరవేయుదురు. రెండు మూడు వారములకు బెరడు కుళ్లి నార వదలును. అప్పుడు మొలలోతు నీట నిలిచి, కట్టెనుండి నారను ఒలిచి, జాడించి, వెదురు దండెములపై ఆరవేయవలెను. ఆ వాసన చేతులను, బట్టలను నెలదినములైనను విడువదు. మా తాత ప్రక్కన కూర్చుండుటకు చిన్ననాడు నేను సిగ్గుపడెడివాడను. ఆ గోగునారకే ప్రపంచపు వర్తకములో బిమ్లి జనుమని పేరు. బిమ్లి యనగా బిమ్లీపటాము, అనగా మన భీమునిపట్టణమే. మన చెరువులలో కుళ్లిన నార ఒక పట్టణపు పేరు తగిలించుకొని ఓడలెక్కి పోయినదన్న మాట!

తగరపువలసలో దిగి చిట్టివలస జనపమిల్లు గోడ చూచితిమి. అది 2009లో మూతపడినది. గేటుకు తాళము, లోపల పిచ్చిమొక్కలు. అచ్చట నిలుచుటకు ఎవరికిని మనసు రాలేదు.

భీమునిపట్టణము గోస్తనీనది సముద్రమున కలియుచోట నున్నది. డచ్చివారి తూర్పు ఇండియా వర్తక సంఘము 17వ శతాబ్దమున ఇచ్చట కోట కట్టుకొని మన నేతబట్టలను, ధాన్యమును ఓడలకెక్కించెను. 1754లో మరాటీలు పట్టణమును దోచి తగులబెట్టిరి. 1824లో లండనున కుదిరిన ఒడంబడికచే డచ్చివారు భారతభూమిపైగల తమ స్థానములను ఇంగ్లీషువారికి వదలుకొనగా, మరుసటి యేట ఈ పట్టణము చేతులు మారెను. 1861లో మునిసిపాలిటీ యయ్యెను. ఇటీవల విశాఖపట్టణపు మహానగర సంస్థలో కలిసిపోయినది. ఇచ్చట ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరమున లంగరు దించెడివి. సరకును మసూలా పడవలపై చేర్చెడివారు. ఆ పడవల పలకలను మేకులతో బిగింపక త్రాళ్లతో కుట్టుదురు. కెరటము కొట్టినప్పుడు పగులక వంగును. ఈ సంగతి వినగానే మా పిల్లలు డచ్చివారిని మరచి, కుట్టిన పడవలో నీరు కారదా యని నన్ను వేధించిరి. 1933లో విశాఖపట్టణమున లోతైన హార్బరు తెరువబడుటతో ఇచ్చటి ఓడలు క్రమముగా తగ్గిపోయినవి.

తీరమునకు చేరువనున్న డచ్చి సమాధులయొద్ద చాలసేపు నిలిచితిమి. కొన్ని కోపురమువలె కూచిగా లేచినవి. రాళ్లమీద పేరు, వంశచిహ్నము, పోయిన దినము లోతుగా చెక్కి యున్నవి. పిల్లలు వ్రేళ్లతో అక్షరములను తడవిరి. ఒకడు, "మాస్టారూ, ఈ దొరగారి సరకు తూచినవాడు ఎక్కడున్నాడండీ?" అని యడిగెను. నేను జవాబు వెదకుచుండగా మా అమ్మ, "ఈళ్లకి రాసుకోడం వచ్చును, నాయనా" అనెను.

ఆమె యేల అట్లనెనో నా కొక్కనికే తెలియును. 1962 ప్రాంతమున మా తాత ఒక బండి నారను భీమునిపట్టణమున ఒక వర్తకుని కాటాకు చేర్చెను. ఏడేండ్ల మా అమ్మయు బండిమీద నుండెను. గుమాస్తా నారను చేత నలిపి, "తడిగా నున్నది, మణుగు తరుగు" అనెను. తాత సరేయని చీటీపై వ్రేలిముద్ర వేసి, ఇచ్చిన రూకలను పంచె చెరగున ముడివైచుకొని యిల్లు చేరెను. మూడవనాడు మిషను బడిలో చదువుకొను పొరుగింటి పిల్ల ఆ చీటీ చదివి, "మామా, ఇందులో మూడు మణుగులని ఉన్నాది" అని చెప్పినదట. తాత తిరిగి పోలేదు. తన వ్రేలిముద్ర తనకే చూపుదురని యెరుగును. ఆ సోమవారమే మా అమ్మను బడిలో వేసెను.

నార నిజముగనే మూడు మణుగుల నీరు పట్టియుండెనేమో, గుమాస్తా నోరు జారెనేమో! అరువదేండ్ల పిమ్మట తీర్పు చెప్పుటకు నేనెవడను? కాని తరుగు లెక్కలు వేయునప్పుడు నా చేతి సుద్దముక్క తరచుగా విరుగుచుండుట మా తరగతివారు ఎరుగుదురు.

ఆ కాటా స్థలమును చూడవలెననియే మేము పోయినది. మా అమ్మ పాత వీథులలో ముందు నడిచెను. ఒక పెంకుటింటి గోడయొద్ద ఆగి, "ఇక్కడే మా అయ్య ఏలుముద్ర ఏసినాడు" అనెను. నాలుగడుగులు వేసి మరియొక గోడ చూపి, "కాదురా, ఇదే" అనెను. మూడవ గోడయొద్ద ఏమియు అనలేదు. అరుగుపై కూర్చున్న ముదుసలి నొకరిని అడుగగా, ఇచ్చట గిడ్డంగులు చాల నుండెడివనియు, ఏవి ఎవరివో తనకు జ్ఞాపకము లేదనియు చెప్పెను. పిల్లలకు ఆకలి వేసినది. ఇడ్డెనులు తిని సముద్రము చూచి మరలితిమి.

తగరపువలసలో శ్రీకాకుళము బస్సెక్కినపుడు చీకటి పడినది. కండక్టరు పదునలుగురకును కలిపి యంత్రమునుండి ఒక్క చీటీ తీసి నా చేతికిచ్చెను. మడిచి జేబులో వేసికొనబోవుచుండగా మా అమ్మ దానిని తీసికొని, అందరిలో చిన్నవానికిచ్చి పైకి చదువుమనెను. వాడు ఊరిపేర్లు, మనుష్యుల లెక్క, రూపాయలు గట్టిగా చదివెను. వెనుక ప్రక్క కలముతో నేదో యున్నదని వాడే కనుగొనెను. చిల్లర లేక కండక్టరు వ్రాసియిచ్చిన పదిరూపాయల బాకీ అది. పిల్లలందరు నిద్రించిరి. మా అమ్మ మాత్రము ఆ చీటీ పట్టుకొని శ్రీకాకుళము చేరువరకు మేలుకొనియే యుండెను.