పాత కారు - క్షేమచింత

బడిపంతులు జర్మనీ దేశపు విలాసపు కారునెక్కి పాఠశాలకు వచ్చుట చూచి నవ్వువారిని నేను తప్పుపట్టను. క్రొత్తదిగా నున్నపుడు 40 లక్షలకు మించి వెల పలికిన బండి, 10 ఏండ్లును 92,000 కిలోమీటరులును గడచిన పిమ్మట నాకు 7 లక్షలకు దొరకినది. విదేశమునకు పోవుచున్న పూర్వశిష్యుడొకడు "మాస్టారూ, మీ దగ్గరైతే భద్రంగా ఉంటుంది" అని యిచ్చిపోయెను. చిన్నకారుతో జరుగని పని మాకేదియు లేదు. పదిమంది కన్నులలో పడవలెనను కోరికయే కొనుటకు కారణమని యొప్పుకొనుట మేలు.

బండి యింటికి వచ్చిననాడే పూజ జరిగినది. నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు నలిగినవి; గుమ్మడికాయ పగిలినది. బ్రేకు ఆయిలు మార్చి యెన్నాళ్లయినదని యడిగినవారు లేరు. మూఢాచారములను గూర్చి సభలలో నుపన్యసించు నేనును అడుగలేదు.

అడిగినవాడు మా విజయనగరపు మెకానిక్కు. అతడు బండిని పైకెత్తి, లైటు పట్టి గంటసేపు చూచి, ఒక పట్టీ వ్రాసియిచ్చెను. మొత్తము 1,85,000 రూపాయలు. "ఇందులో ఏం చెడిందోయ్?" అంటిని. "ఇంకా ఏమీ చెడలేదు మాస్టారూ. చెడకముందే మార్చమంటున్నాను" అనెను.

చెడనిదానికి ధనము పోయుటకు నాకు మనసొప్పలేదు. బ్యాంకులో నున్నది అమ్మాయి చదువునకై దాచిన 2,10,000. ఒక సంగతి నేను కొనుటకు ముందే తలపవలసినది: బండి వెల యేటేట తఱుగునుగాని, విడిభాగముల వెల తఱుగదు. 7 లక్షలు పెట్టి కొన్నవానికిని కావలసినది 40 లక్షల బండి భాగమే. అరుగుదలవలన చెడినదానికి సాధారణ బీమా సొమ్మిచ్చునది కాదు. ఉత్తరములలో యోగక్షేమములని జంటగా వ్రాయుట మనకలవాటు. లేనిది పొందుట యోగము, పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. ఇంతకాలము పిల్లలకీ యర్థము చెప్పిన నేను మొదటిదానికే 7 లక్షలును ఊడ్చిపెట్టితిని. పైగా, సిగ్గు విడిచి చెప్పుచున్నాను, ఆ పట్టీ చేత పట్టుకొని కూడ నేను ఆలోచించినది బానెట్టుమీది గీతకు రంగు వేయించుటను గూర్చియే.

పట్టీని నా చేతినుండి తీసికొన్నది నా భార్య. ఆమె యంత్రశాస్త్రము చదివినది కాదు. "ఏమండీ, వీటిలో ఏది చెడితే బండి ఆగిపోతుంది, ఏది చెడితే బండి ఆగదు?" అని యడిగెను. నేను నవ్వబోయి మానితిని. ఆమె పుట్టిల్లు అరకు లోయలో. పండుగకు పోయినప్పుడెల్ల శృంగవరపుకోట ఘాటు దిగక తప్పదు.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 రకము క్రొత్తదైనపుడు 230 డిగ్రీలకు లోపల మరుగరాదు; తేమ పట్టిన పిమ్మట నిబంధన కోరునది 155 డిగ్రీలు మాత్రమే. ఘాటు దిగుచు మాటిమాటికి బ్రేకు నొక్కగా పుట్టు వేడికి ఆ తేమ ఆవిరియైనచో, ఆవిరి అదుముడు పడును, కాలిక్రింది పెడలు మెత్తగా లోనికి పోవును, చక్రము నిలువదు. రెండేండ్లకొకసారి మార్చుట వాడుక. అందుకు మెకానిక్కు వ్రాసినది 4,000. టైర్లకు 54,000. గాళ్లు లోతుగానే యున్నవిగదా యని నేను వాదించితిని. అతడు ప్రక్కనున్న నాలుగంకెలను చూపెను: మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. వాని వయస్సు ఎనిమిదేండ్లు.

ఆమె రెండవ ప్రశ్న: "ఏది చెడితే తనతోబాటు ఇంకోదాన్ని చెడగొడుతుంది?" అది కూలెంటు. పాత డ్రైవరు బోరునీరు పోసిన జాడలు రేడియేటరులో తెల్లగా పేరుకొని యున్నవి. ప్లాస్టిక్కు తొట్టియు, రబ్బరు గొట్టములును ఏండ్ల తరబడి వేడికి పెళుసెక్కును. దారిలో ఒకటి పగిలి నీరు కారిపోయినను తెలియక నడిపినచో, అల్యూమినియపు సిలిండరు హెడ్డు వంగును. 36,000 లతో పోవునది లక్షలలోనికి పోవును.

కిటికీ మోటారు, సీటు మోటారు, వెనుక కెమెరా: ఇవి చెడిన చెడనిమ్మని ఆమె యొక్క గీతతో కొట్టివేసెను.

గేరుబాక్సు ఆయిలు దగ్గఱ మాత్రము మాకు వాదము తెగలేదు. బండితో వచ్చిన పుస్తకము అది జీవితకాలము మన్నుననుచున్నది. ఎవరి జీవితకాలము? ఆయిలుదా, గేరుబాక్సుదా, మొదట కొన్నవానిదా? వ్యాకరణము చదివినవానికి ఆ షష్ఠీవిభక్తి లోపము మింగుడుపడదు. ఆ జాతి గేరుబాక్సులను చేయు జెడ్ఎఫ్ వారేమో, 80,000 మొదలు 1,20,000 కిలోమీటరుల లోపల, లేదా ఎనిమిదేండ్లకు, మార్చుమందురు. నేను మార్చవలెనంటిని. "అమ్మాయి ఫీజు కట్టాక చూద్దాం" అని ఆమె యనెను.

94,000 ఇచ్చితిమి. పని జరుగునాడు మా యమ్మాయియు వచ్చినది. విప్పిన పాత గొట్టపు మూతిని మెకానిక్కు ఆమె చేతిలో పెట్టగా, వ్రేళ్లతో నొక్కినంతనే బిస్కత్తువలె విఱిగినది. దానిని ఇంటికి తెచ్చి నా పుస్తకముల బీరువాలో, అమరకోశము ప్రక్కన పెట్టినది. బానెట్టుమీది గీత యట్లే యున్నది. ప్రొద్దుట మొదటి గేరునుండి రెండవదానికి మాఱునపుడు చిన్న కుదుపు వినబడునట్లు నాకు తోచుచున్నది. నా భార్య వినబడలేదనుచున్నది.